రెండుంబావు

గోడ మీద మా కౌంటీ ఉంటుంది,
మైనం పూసిన పటం, మూలలు లేచిపోయి.
సార్జెంట్ కోల్‌బర్గ్ ఎర్ర పెన్సిల్‌తో
దాన్ని నాలుగు బీట్లుగా కోశాడు,
అన్నదమ్ములు పొలం పంచుకున్నట్టు.
ఉత్తరాన గోధుమ, దక్షిణాన రాళ్ళు,
తూర్పున నది, పడమట
ఎవరూ కోరుకోని రిజర్వాయరు రోడ్డు.

నాలుగు బీట్లకు రాత్రి కార్లు మూడే.
నాలుగో అయస్కాంతం బిళ్ళ నా సొరుగులో
రబ్బరు బ్యాండ్ల మధ్య నిద్రపోతుంది.
ఎన్నికలప్పుడు ప్రతి షెరిఫూ
దాన్ని బయటికి తీస్తానంటాడు.

గస్తీ వాళ్ళకి దక్కేది ఏ కథలోనైనా మొదటి గంట:
తలుపు, టార్చి, "ఎవరైనా ఉన్నారా?"
ఒక చీటీ, ఒక సంతకం,
అంతలో ఇంకెక్కడో రోడ్డుకడ్డంగా పడుకున్న ఆవు.
మిగతా కథంతా హాలు చివరి గదిది.
పోయిన వస్తువులు డిటెక్టివ్ వెర్నా స్టౌట్‌వి,
పోయిన మనుషులు డెల్మర్ రీస్‌వి.
ఏది పోయిందో తేలకపోతే
కాఫీ చల్లారేదాకా ఇద్దరూ పోట్లాడుకుంటారు.

మధ్యలో నేను.
పంతొమ్మిదేళ్ళుగా ఈ కౌంటీ
నా ఎడమ చెవిలో కాపురముంటోంది.

ఈ శీతాకాలమంతా ఆల్టా గుంతర్,
ఎనభై ఒకటి, ఒంటి మనిషి, మూడో బీటు,
రాత్రి రెండుంబావుకి ఫోను చేసేది.
"కొట్టంలో ఎవరో ఉన్నారమ్మాయ్."
వెళ్ళేవాళ్ళు. చూసేవాళ్ళు.
ఏమీ లేదని రాసేవాళ్ళు.
నలభై ఒక్క చీటీలు, నలుగురి చేతిరాతలు.
ఒకరు రాసింది ఇంకొకరు చదవలేదు.
చదవాలంటే కుర్చీ కావాలి,
వాళ్ళ కుర్చీ గంటకు డెబ్బై మైళ్ళు పరిగెడుతుంది.

నేను అన్నీ విన్నాను.
నన్ను అడగడానికి ఫారంలో గడి లేదు.
ఒకటి రెండుసార్లు, మైకు మూసి, నేనూ నవ్వాను.

ఫిబ్రవరిలో ఒక రాత్రి
రెండుంబావు వచ్చింది. ఫోను రాలేదు.
రెండున్నర.
తాగుబోతుకి ఒక కోడుంది, మంటకి ఒకటుంది,
ఆవుకి కూడా ఉంది.
మోగని ఫోనుకి లేదు.
మూడో కారుని పిలిచాను.
"కారణం?" గరగరల్లోంచి టీగ్ గొంతు.
"వెళ్ళు," అన్నాను.
ముప్పై నాలుగు మైళ్ళ మంచు.

కొట్టం గుమ్మంలో ఉంది. తుంటి విరిగి,
చేతిలో పొయ్యి ఎగదోసే ఇనప కడ్డీ.
బతికే ఉంది. ఇంతసేపా అని
టీగ్‌ని తిట్టిపోసిందట.

మర్నాడు చీటీలు హాలు దాటాయి.
వెర్నా వాటిని పేకముక్కల్లా బల్ల మీద పరిచింది.
డెల్మర్ పక్కన నిలబడ్డాడు, పోట్లాడకుండా.
ఒకడు: "ఏమీ లేదు. డీజిలు వాసన."
తొమ్మిది రోజులకు వేరొకడు:
"ఏమీ లేదు. గేటుకి కొత్త గొలుసు."
ఇంకొకడు చక్రాల జాడ రాసి, కొట్టేశాడు.
విడిగా చూస్తే చిల్లిగవ్వ చేయవు.
వరసలో పెడితే వాటిలోంచి ఒక మనిషి నడిచొచ్చాడు,
రెండు చేతులా డీజిలు డబ్బాలతో,
ఎర్ర గీతకి అవతలి ఇంటివాడు.
గీత దాటితే అది ఇంకొకరి పనని
వాడికి మాకన్నా బాగా తెలుసు.

కారు పంపినందుకు కారణం రాయాలన్నాడు కోల్‌బర్గ్.
గడిలో రాశాను: ఫోను రాలేదు.
చాలాసేపు చూశాడు. పెన్సిలు చెవి వెనక దోపుకుని
ఏమీ అనకుండా వెళ్ళిపోయాడు.
బిళ్ళ ఇంకా సొరుగులోనే ఉంది.

ఆల్టా ఇప్పుడు పట్నంలో, వృద్ధుల ఆశ్రమంలో.
మా పాత నంబరు ఆమెకి నోటికొచ్చు.
"వరండాలో ఎవరో ఉన్నారమ్మాయ్."
అది పట్నం పోలీసుల పరిధి,
రూలు ప్రకారం లైను వెంటనే వాళ్ళకి కలపాలి.
కలుపుతాను,
కాసేపు మాట్లాడాక.