పదకొండున్నర

మూడు భాషల్లో తూకం వేస్తాను నేను.
రిజిస్టర్‌లో మరాఠీ,
గుడిసె ముందు మాడియా,
లోలోపల, లెక్క తప్పినప్పుడు, తెలుగు.

సిరోంచ దాటి, అంకీస దాటి,
బస్సు వెనక్కి తిరిగే చోట దిగి
రెండు వాగులు నడిస్తే మా అంగన్‌వాడీ.
రేకుల కప్పు. దూలానికి కొక్కెం.
కొక్కేనికి తరాజు, తరాజుకు గుడ్డ జోలె.
ఉయ్యాల అనుకుని నవ్వే పిల్లలు కొందరు,
ఎందుకు వేలాడదీశారని ఏడ్చే పిల్లలు కొందరు.
మైనీ ఏడవలేదు, నవ్వలేదు.
అదే నాకు భయమైంది.

ఏడాదిన్నర పిల్ల. ఆరు కిలోల నూటయాభై.
చేతి రెట్టకు టేపు చుట్టాను.
పచ్చ దాటింది, పసుపు దాటింది,
ఎరుపులోకి పోయి ఆగింది.
పదకొండు పాయింట్ రెండు.
పదకొండున్నర ఉంటే పసుపు అని రాసుకుందును.
మూడు మిల్లీమీటర్లు.
నా మట్టిగాజు మందం కూడా ఉండదు.

"పద్నాలుగు రోజులు దవాఖానల ఉండాలె" అన్నాను.
జైనీ నన్ను చూడలేదు, అడివిని చూసింది.
ఇప్ప రాలుతోంది.
నాలుగు చెట్లు వాళ్లింటివి, అత్తకు అత్త కాలం నుంచి.
తెల్లారకముందే పోకపోతే
పశువులు తింటాయి, ఎలుగు తింటుంది,
మిగిలింది ఎండ తింటుంది.
ఆ పద్నాలుగు రోజుల పువ్వే
వానాకాలమంతా ఉప్పూ నూనే.
పువ్వు వదిలెయ్, పిల్లను చూసుకో అనడం
నెల జీతందాన్ని, నాకు సులువు.
జీతమనరు లెండి, మానధనమంటారు.
అదీ మూణ్నెల్లకోసారి.

పోయినేడు ఇలాగే ఒక తల్లికి
కాగితం చూపించి చెప్పాను,
గొంతు పెంచి చెప్పాను,
పైసారు పేరు చెప్పి బెదిరించాను.
తలూపింది. తెల్లారేసరికి
పిల్లాణ్ణి చంకనేసుకుని పుట్టింటికి పోయింది.
ఇంద్రావతి దాటితే వేరే రాష్ట్రం, వేరే రిజిస్టర్.
ఆ పిల్లాడి వరుసలో ఎండాకాలం నుంచి గళ్లన్నీ ఖాళీ.
కొట్టేయాలని రెండుసార్లు పెన్ను పెట్టాను.
రెండుసార్లూ తీశాను.

అందుకే ఈసారి రిజిస్టర్ మూసేశాను.
జైనీ పక్కన నేల మీద కూర్చుని
"మీ చెట్ల కింద ఎవరు ఏరితే ఒప్పుకుంటవ్?" అన్నాను.
చాలాసేపు కోడి గీకిన చప్పుడొక్కటే.
తర్వాత నా చేతులు చూసి
"నీకు ఏరొస్తదా?" అంది.

రాదని మొదటి పొద్దునే తేలిపోయింది.
నడుం పట్టేసింది. పువ్వెంతో మన్నంత.
పక్క చెట్టు కింది పూసె ముసల్ది నా బుట్టలోకి చూసి
పొగాకు ఉమ్మేదాకా నవ్వి
ఒక చెట్టు తన కిందేసుకుంది.
రెండోది ఆడబిడ్డ.
మూడోది నేనూ, బడికి పోయే ముందు నలుగురు పిల్లలూ.
నాలుగోది, దాచడమెందుకు, ఎలుగుకే పోయింది.

పదిహేనో రోజు జైనీ బస్సు దిగింది.
వస్తూనే బుట్టలు తూచుకుంది,
మట్టి రేణువులు ఏరి పక్కన పెట్టి మరీ.
నేనేమనలేదు. ఎవరి తూకం వాళ్లది.
ఆ తర్వాతే కొక్కేనికి మైనీ.
ఏడు కిలోలకు వంద తక్కువ.
టేపు పదకొండు పాయింట్ ఆరు.

పసుపంటే గట్టెక్కినట్టు కాదు.
వాగులు పొంగితే గుడ్ల బండి రాదు,
జ్వరాలు మాత్రం ఈదుకుంటూ వస్తాయి.
ఆ మాట జైనీకి చెప్పబోతుంటే
జోలెలో పిల్ల కాళ్లు తన్ని
రేకులు అదిరేట్టు అందుకుంది ఏడుపు.
ముక్కు ఎర్రగా, పిడికిళ్లు బిగించి,
దించేదాకా ఆపలేదు.
దించాక కూడా ఆపలేదు.

రిజిస్టర్ చివర శేరా అని ఒక గడి ఉంటుంది.
ఎప్పుడూ అడ్డగీత గీసి వదిలేస్తాను.
ఇవాళ అందులో తెలుగులో రాశాను,
గట్టిగా ఏడ్చింది అని.
సూపర్‌వైజర్ మేడమ్ వస్తే
చదివి వినిపించాలి.