ప్రభువుగారి కిటికీ

ఫ్లాండర్స్‌లో డిసెంబరు. పొద్దున పదయినా మసకే.
మ్యూజియం మేడమీద, ఓక్ చెక్కల ప్రార్థన గదిలో
హోదెలీవ్ తేమ కొలిచే ముల్లు చూసి
రాసుకుంటుంది: యాభై రెండు.

ఈ గది కట్టించినాయన ఆర్నౌట్ ప్రభువు.
ఊళ్ళోకొచ్చే ఉన్ని మీద సుంకం ఆయనది,
ఉన్ని వడికేవాళ్ళ చెమట వాసన మాత్రం పడదు.
అందుకే పక్క చర్చి గోడకి కన్నం కొట్టించి
దేవుణ్ణి పైనుంచి చూసేవాడు,
ఒక్క మెట్టూ దిగకుండా.

నేల పలకలో రెండు గుంటలు.
ఎడమది లోతెక్కువ.
భక్తి, అంటాడు గైడు.
కీళ్ళవాతం, అంటుంది హోదెలీవ్, మా నాన్నకీ అంతే.

ఇవాళ కింద శవపేటిక.
రొట్టెల ఓమేర్‌ది.
పందొమ్మిదేళ్ళు ఆమె కోసం శనివారం రొట్టె తీసిపెట్టి,
చిల్లర ఇచ్చేటప్పుడు
వేళ్ళు తగలకుండా జాగ్రత్తపడ్డ మనిషి.
సెలవడిగితే, బంధువా? అన్నారు ఆఫీసులో.
ఏమని చెబుతుంది.

కింద ఏడుగురు. రెండుసార్లు లెక్కపెట్టింది.
పాదిరి దగ్గుతున్నాడు.

ఎర్రతాడు దాటింది.
మోకాళ్ళు ఆ గుంటల్లో పెట్టింది, సరిగ్గా కుదరలేదు,
ఆయనవి పెద్దవి కాబోలు.
మైనం వాసన. తను పూసిందే.
ప్రార్థన ఒక్కటీ గుర్తు రాలేదు,
“సన్నగా కోయనా, మందంగానా?”
అన్న గొంతు తప్ప.

అలారం కీచుమంది.

తర్వాత రిజిస్టరులో, గుండ్రటి అక్షరాలు:
పది నలభై. అలారం, ఒకసారి.
కారణం: దుమ్ము.