మూలన నూనె మరక

ఏడో నెలలో నాకు
బలపాల మీద మనసు పోయింది.

ఒంగోలు కర్నూలు రోడ్డులో
బళ్ళ సామాన్ల కొట్టుకెళ్ళి ఒక డబ్బా కొన్నాను.
"పాప ఏం చదువుతోందమ్మా?" అన్నాడు కొట్టాయన.
ఇంకా చేరలేదన్నాను.

రాత్రి ఆయన నిద్రపోయాక ఒకటి కొరికాను.
చప్పగా ఉంది. సున్నం వాసన.
ఇది కాదు.
నాలిక ఇంకా దేన్నో వెతుక్కుంటూ
మార్కాపురం బస్సెక్కింది.

మా అమ్మ మస్తానమ్మ
పలకల ఫ్యాక్టరీలో రాయి నునుపు చేసేది.
పొద్దుగూకి ఇంటికొచ్చేసరికి
కనుబొమలు కూడా నెరిసిపోయి
ఇరవయ్యారేళ్ళ ముసలమ్మ.
తొట్టి దగ్గర కూర్చుని మోచేతులదాకా మూడుసార్లు కడిగేది.
అయినా వేళ్ళ పగుళ్ళలో
బూడిదరంగు గీతలు అట్టాగే ఉండేవి.

జొన్న సంగటి తెడ్డుతో గెలికి,
చెయ్యి నీళ్ళలో ముంచి,
పొగలు కక్కేదాన్ని ముద్ద చేసి నా ముందు పెట్టేది.
కంచంలో గాదు, పలక మీద.
చెక్క బిగించేటప్పుడు అంచు విరిగిందని
మేస్త్రీ పారేసిన పలక.
బొటనవేలితో ముద్ద నడుమ గుంట నొక్కి
అందులో గోగాకు పచ్చడి,
దాని మీద
లెక్కబెట్టి నాలుగు చుక్కల నూనె.

పంటి కింద కరకరమనేది.
"ఇసకమా," అనేదాన్ని.
"ఇసక గాదే, అచ్చరాలు.
నమిలి మింగు, చదువొస్తది."
ఆమెది వేలిముద్ర.

తిన్నాక అదే పలక కడుక్కుని బడికి పోయేదాన్ని.
కుడివైపు కింది మూలకి నూనె దిగింది.
వర్ణమాల అక్కడిదాకా వచ్చేసరికి
బలపం జారేది,
క్ష సగమే పడేది, ఱ అసలు పడేది కాదు.
"ఈ మూల ఏమైందే?" అని ఐవోరు మొట్టికాయ వేస్తే
"సంగటి తిన్నా సార్," అన్నాను.
తరగతంతా నవ్వింది.
నేనూ నవ్వాను. ఎందుకో ఇప్పటికీ తెలీదు.

మొన్న అమ్మ వచ్చింది.
జొన్నపిండి మూట, రెండు గోగాకు కట్టలు,
తెడ్డు కూడా, పేపర్లో చుట్టుకుని.
గ్యాస్ పొయ్యి ముందు నిలబడి గెలికింది.
మధ్యలో రెండుసార్లు
దగ్గడానికి పక్కకి తిరిగింది.
ముద్ద పెట్టింది. గుంట నొక్కింది.
నూనె ఈసారి లెక్కబెట్టలేదు.

కళ్ళు మూసుకుని నోట్లో పెట్టుకున్నా.
మెత్తగా దిగిపోయింది.

"ఉప్పు చాల్లేదా?"
"చాలింది."
"మరేంది అట్టా చూస్తావు?"
ఆమె చేతుల్ని చూస్తున్నా.
ఫ్యాక్టరీ మూసి నాలుగేళ్ళు.
పగుళ్ళు పూడి, గీతలు పోయి
ఎవరి చేతులో అన్నంత శుభ్రంగా ఉన్నాయి.
చెప్పలేదు. ఇంకో ముద్ద పెట్టమన్నాను.

సాయంత్రం బియ్యం డబ్బా వెనక
బలపాలు దొరికాయి ఆమెకు.
తిడుతుందనుకున్నా.
మూత తీసి, ఒకటి తీసి,
కొసన కొరికి కాసేపు నమిలి
"మనూరి రాయి గాదిది," అంది.