లాగుడు లెక్క

పీణ్యా రెండో ఫేజులో
పవర్ ప్రెస్సుల మోత మధ్య మా షెడ్డు.
థర్మాకోల్ డబ్బాలో నత్రజని తెల్లగా పొంగుతోంది.
సున్నాకు నూట తొంభై ఆరు డిగ్రీల కింద ఉంది
నా ఈ శుక్రవారం.

టేపు వెడల్పు నాలుగు మిల్లీమీటర్లు.
పైన రాగి, దాని కింద వెండి,
అడుగున వంగని నికెల్ మిశ్రమం,
నడుమ ఎక్కడో మైక్రాను మందాన
నల్లటి పింగాణీ పొర.
దాని కోసమే ఇదంతా.
చలిలో అది కరెంటుకు అడ్డు చెప్పడం మానేస్తుంది,
సాగమంటే మాత్రం పింగాణీ బుద్ధి పోనిచ్చుకోదు.
మీటరు పొడవున తన వెడల్పంత సాగిందంటే
అక్కడికి సరి.

కాయిల్‌లో దాన్ని లాగే చెయ్యి బయటిది కాదు.
అయస్కాంతం తన చుట్లను తానే వెలుపలికి తోస్తుంది.
బలం రెట్టింపు చేస్తే తోపు నాలుగింతలు.

మీట తిప్పుతాను.
సున్నా పాయింట్ ఒకటి. నూట యాభై ఆంపియర్లు.
రెండు. నూట నలభై తొమ్మిది.
మూడు. నూట నలభై ఏడు.
వదిలేస్తే మళ్లీ నూట యాభై,
ఏమీ ఎరగనట్టు.

వెనక చౌడప్ప గారు.
కబ్బన్‌పేటలో ముప్పై ఏళ్లు నేసి,
మరమగ్గాలు తుక్కుకి అమ్మేసి
మా దగ్గర కాయిల్ చుట్టడానికి వచ్చారు.
తీగ మీద గోరు ఆనించి
లోడ్‌సెల్ కన్నా ముందే చెబుతారు:
"బిగి శానా అయింది అమ్మణ్ణీ, పడుగు తెగతాది."

తెగదు చౌడప్ప గారూ.
తెగితే బాగుండేది, తెలిసేది.

పదిహేడో నమూనాని అయిదు దాటించాను.
వదిలాను. నూట ముప్పై ఒకటి.
వేడెక్కనిచ్చి మళ్లీ ముంచాను. నూట ముప్పై ఒకటి.
టీ తాగొచ్చి చూశాను.
కంటికి అదే టేపు, అదే మెరుపు,
చెయ్యి జారిన చప్పుడైనా లేదు.

ఆమ్లంలో రాగి కరిగించి, వెండి కడిగి
సూక్ష్మదర్శిని కింద పెడితే అప్పుడు కనబడ్డాయి:
పాత టీ కప్పు లోపలి సన్నటి నెర్రెలు,
అన్నీ అడ్డంగా, అన్నీ ఒకే తీరున.

చౌడప్ప గారు కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి
చాలాసేపు చూశారు.
"మేమూ ఇంతే మా.
పోగు పోయిన చోట గంజి దట్టంగా పట్టిచ్చేది.
కొన్నోళ్లకి మొదటి ఉతుకు దాకా తెలీదు.
మీ రాగి కూడా గంజే కదా?"
నవ్వారు. నాకు నవ్వు రాలేదు,
మార్చికల్లా ఇరవై టెస్లాలు కావాలని
గోడ మీద ఎవరో ఎర్ర స్కెచ్‌పెన్నుతో రాసి ఉంది.

లాగ్‌బుక్కులో పదిహేడు పక్కన
"తిరిగి రాలేదు" అని రాశాను.
హద్దు గళ్లో నాలుగు అని.

సాయంత్రం కొత్త స్పూలు ఎక్కిస్తూ ఆయన
బ్రేకు మీద నుంచి పావు కిలో బిళ్ల ఒకటి తీసి
జేబులో వేసుకున్నారు.
నేను చూశాను.
డ్రాయింగులో ఆ బరువు అలాగే ఉంది.
నేనేమీ దిద్దలేదు.