రెండు నీళ్ల నడుమ

ఎర్రగడ్డ ఆసుపత్రి, ఆడవాళ్ల వార్డు, రాత్రి రెండున్నర.
పదకొండో మంచం మొగులమ్మ వేలికి క్లిప్పు పెడితే
గీతలు తప్ప అంకె రాదు.
తుడిచి పెట్టాను. వేలు మార్చాను.
డెబ్బై ఒకటి అంది, వెంటనే మాట మార్చుకుంది.

ఆషాఢం కదా.
పది గోళ్లూ గోరింటాకుతో నల్లగా పండి ఉన్నాయి.
గోటిలోంచి వెలుగు దూర్చి
నెత్తురు ఎంత ఎర్రగా ఉందో చూసుకునే మిషను
ఆకు ఎరుపు దగ్గరే తడబడింది.

"మన్మరాలు పెట్టింది బిడ్డా, వద్దంటె ఇనది.
ఇడుస్తదా ఇప్పుడు?"
గోరు పెరిగితే తప్ప పోదమ్మా.
కమ్మ కాస్త పక్కకు జరిపి చెవితమ్మెకు తగిలించాను.
తొంభై ఒకటి.
అప్పుడు నేను ఊపిరి తీసుకున్నాను.

గోడకున్న సీసాలో నీళ్లు గుడగుడమంటున్నాయి.
ఆక్సిజన్ తడిసి, మెత్తబడి, పైపులోకి పోతోంది.
ఈ బుడగల్ని ఇదివరకు ఎక్కడో లెక్కపెట్టాను.

నాంపల్లి కాలేజీ, బైపీసీ రెండో ఏడు.
ఫ్లోరెన్స్ మేడం చేపల దుకాణంలో కొన్న హైడ్రిల్లా కట్ట,
బీకరు, బోర్లించిన గరాటు, దాని మీద పరీక్షనాళిక.
కిటికీ దగ్గర నిమిషానికి ఇరవై రెండు బుడగలు,
నీడలోకి జరిపితే ఆరు.
ఆ గాలి దేంట్లోంచి వస్తోంది అని అడిగింది.
మనం వదిలిన చెడుగాలిలోంచి! అన్నాం అందరం ఒక్కసారే.
కాదు, నీళ్లలోంచి.
ఎండను పట్టుకుని ఆకు నీటిని విరుస్తుంది,
కావలసింది ఉంచుకుని మిగతాది బయట పడేస్తుంది.
ఆకు పారేసే చెత్త మీద బతుకుతున్నారు మీరు, అంది మేడం.
నవ్వాం. అప్పటికి నవ్వు ఖరీదు తెలియదు.

మొగులమ్మ ఇరవై ఆరేళ్లు చెత్త ఊడ్చింది.
సనత్‌నగర్ రోడ్డు, తెల్లారుజాము నాలుగు, మూతికి కొంగు.
"ఎండకాలం ముంగట కానుగాకు రాల్తది చూడు,
ఊడ్సిన కాడ్నే మల్ల పడ్తది, నా సవితి లెక్క."
ఆకులు పని ముగించి రాలాయి.
వాటితో లేచిన దుమ్ము
ఆమె ఛాతీలో పని మొదలుపెట్టింది.
ఎక్స్‌రే నిండా సున్నం చిమ్మినట్టు ఉంది.

"రాత్రి చెట్టు కింద పండుకుంటె పానం తీస్తదంటరు, నిజమేనా?
నేను మస్తుసార్లు పండుకున్న."
తీయదమ్మా. అదీ మనలాగే గాలి పీలుస్తుంది,
పగలూ పీలుస్తుంది,
వెలుగులో ఇచ్చేది ఎక్కువ కాబట్టి మనకు కనబడదు.
నీ పక్కన చెల్లె పడుకుంటే పీల్చేంత కూడా పీల్చదు.
కాసేపు ఆలోచించింది.
"అయితె దానికి గూడ నైట్ డ్యూటీ ఉన్నట్టే."

కొన్ని చెప్పలేదు.
ఆకు పచ్చలో, నెత్తురు ఎరుపులో
దాదాపు ఒకే ఉంగరం ఉంటుందని,
అది మెగ్నీషియం పొదిగించుకుంటే మనం ఇనుము పొదిగించుకున్నామని.
ఆమె ఉంగరం తాకట్టులో ఉంది, ఎట్లా చెప్పను.

తిన్న రెండు ముద్దల బలం
మెట్టు మెట్టూ దిగి వచ్చేసరికి
ప్రతి కణంలో ఆఖరి మెట్టు దగ్గర
చేతులు చాపి నిలబడేది ఈ గాలేనని,
పట్టుకోగానే మళ్లీ నీళ్లైపోతుందని కూడా చెప్పలేదు.
ఎక్కడో ఒక ఆకులో నీళ్లను విడిచి,
మొగులమ్మ కాలి కండలో నీళ్లలో కలిసేదాకా
మధ్యలో ఉన్న కాస్త దూరం.
దాన్ని ఈ రాత్రి లీటర్లలో కొలుస్తున్నాం, నిమిషానికి రెండు.

నాలుగయింది. అలవాటుకొద్దీ కళ్లు తెరిచింది.
తొంభై రెండు. చార్టులో పక్కనే రాశాను:
చెవి నుంచి, గోరింటాకు కారణంగా.

బయట రోడ్డు మీద చీపురు చప్పుడు.
మా డాక్టరు వీపు మీద గొట్టం పెట్టి విన్నట్టు
ఆమె తల పక్కకు వంచి వింది.
"కొత్త పోరి. కట్ట లూజుగుంది.
దుమ్ము బాగ లేపుతున్నది.
కిటికీల కెల్లి జర చూడు బిడ్డా,
మూతికి గుడ్డ కట్టుకున్నదా, లేదా?"