రెండు చుక్కలు

అక్షరాలన్నీ చదవగలను.
కుడి నుంచి ఎడమకి, ఎక్కడా తడుముకోకుండా,
పంచదార పొట్లం మీద ధర చదివినంత తేలిగ్గా.
అర్థమే తెలియదు.

మెరోయీ లిపి. ఇరవై మూడు గుర్తులు.
మాటకీ మాటకీ మధ్య
ఒకదాని మీద ఒకటి రెండు చుక్కలు.
ఒక మాట ఎక్కడ ఆగిందో ఒట్టేసి చెబుతాను,
అదేం మాటో అడక్కండి.
ఇంత తెలుసుకోవడానికి ఖార్తూమ్‌లో నాకు ఐదేళ్లు పట్టింది.

అత్బరా రైల్వే గేటు దగ్గర అమ్మ టీ అమ్ముతుంది.
"అర్థం కాని భాషకి డాక్టర్ పట్టా ఇస్తారా, సులాఫా?
అయితే మీ నాన్న గురకకీ ఒకటి ఇప్పించు"
అంది ఒకసారి, అల్లం దంచుతూ.

మా గైడు కర్రార్ గారు పెన్సిల్ మనిషి.
నేనొక అర్థం రాస్తే అంచున
"ఇది నీ కోరిక, ఆధారం ఏదీ?" అని రాసేవారు.
ఖాళీగా వదిలేస్తే
"భయపడ్డావా?" అని రాసేవారు.
ఆ రెండు వ్యాఖ్యల మధ్య ఉన్న సందులోనే
నా సిద్ధాంత గ్రంథం నూట తొంభై పేజీలు పెరిగింది.

నలభై ఒక్క తర్పణ పలకలు నావి.
ఇసుకరాతి మీద చెక్కిన కూజాలు, గుండ్రటి రొట్టెలు,
పోసిన నీళ్లు జారిపోవడానికి ఒక మూతి,
చుట్టూ అక్షరాల అంచు:
చనిపోయిన మనిషి పేరు, కన్నతల్లి పేరు, తండ్రి పేరు,
తర్వాత ఎవరూ విప్పలేని పొడవాటి చీకటి,
చివర్న
అతొ: నీళ్లు.
అత్: రొట్టె.
మహె: బోలెడన్ని.
బోలెడన్ని నీళ్లు తాగించండి, బోలెడంత రొట్టె తినిపించండి.

బిరుదుల దగ్గర ప్రశ్నార్థకం పెట్టాను.
జయించిన ఊళ్ల దగ్గర పెట్టాను.
దాహం దగ్గర పెట్టాల్సిన పని రాలేదు.

మూడో అధ్యాయం మధ్యలో తుపాకులు మొదలయ్యాయి.
ఉపవాసాల నెల, చివరి వారం.
మ్యూజియం తాళాలు ఎవరి జేబులో ఉన్నాయో
ఇప్పటికీ ఎవరూ చెప్పరు.
నా దగ్గర మిగిలినవి నకళ్లు మాత్రమే,
పలుచటి కాగితం మీద బొగ్గుతో రుద్ది తీసినవి.
ఈతాకు చాపలో చుట్టి, చంకన పెట్టుకుని
ఉత్తరానికి బస్సెక్కాను.

షెండీ దాటాక ఒక చెక్‌పోస్టు.
పంతొమ్మిదేళ్లుంటాయేమో కుర్రాడికి,
చాప విప్పించి కాగితాలు ఎండకి ఎత్తి చూశాడు.
"ఏం సంకేతాలివి?"
సంకేతాలు కావు, సమాధి రాతలు.
"చదువు."
చదివాను. గట్టిగా, ఆగకుండా,
ఆ భాష రోడ్డు మీద మోగి ఎన్ని వందల ఏళ్లయిందో.
బస్సులో ఒక పసివాడు ఏడుపు ఆపాడు.
"అంటే ఏమిటి?"
నీళ్లు, అన్నాను. రొట్టె.
"మిగతాది?"
తెలియదు.
"ఐదేళ్లు చదివి?"
ఐదేళ్లు చదివే.

నవ్వాడు. పళ్ల మధ్య సందు ఉంది అతనికి.
ఒక కాగితం ఉంచుకుని మిగతావి తిరిగిచ్చాడు.
బస్సు కదులుతుంటే వెనక్కి చూశాను,
నా పంతొమ్మిదో పలకలో రొట్టె చుట్టుకుంటున్నాడు.

వాదీ హల్ఫాలో గది దొరికింది, కరెంటు సాయంత్రాలే.
కర్రార్ గారి ఫోను మోగుతుంది, ఎవరూ ఎత్తరు.
ఆయన బతికున్నారని రెండుసార్లు విన్నాను, లేరని ఒకసారి.
అధ్యాయాలు మాత్రం ఆయనకే పంపుతున్నాను,
అంచులు వెడల్పుగా వదిలి.

పంతొమ్మిదో పలకకి పాదసూచిక ఇలా రాశాను:
మృతురాలు మలితఖే. తల్లి పేరు చెదిరింది.
నకలు లభ్యం కాదు.
"ఎందుకు?" అని ఆయన తప్పకుండా అడుగుతారు.
రాశాను, కొట్టేశాను, మళ్లీ రాశాను:
వాడుకలో ఉంది.