వెనక చెక్క

శుక్రవారం రాత్రి ఆటోనగర్లో షట్టరు దించాక
మా ఆయన ట్యూబుల్లో గాలి తీస్తాడు.
పద్నాలుగు లారీ ట్యూబులు,
అతుకులు లేనివి మూడే.
ఒక్కొక్కటీ ఉస్సురని పడుకుంటుంటే
మేం లేచి కూర్చుంటాం.

ముందు సైదావలి, పక్క సీట్లో గాలి పంపు.
టాటా ఏస్ వెనక నేను, కరీమున్, చిన్న మీరా,
స్టవ్వు, గోంగూర సీసా, ఎక్కాల పుస్తకం.
కాజ టోలుగేటు దగ్గర వాడికి ఏడో ఎక్కం,
చేబ్రోలు దాటాక తొమ్మిదోది.
తొమ్మిదెనిమిదులు అనేసరికి ఎప్పుడూ ఒక గుంట వస్తుంది.
అందుకే వాడికింకా డెబ్బై రెండు రాలేదు.

బాపట్ల దాటితే గాలి నాలిక మీద పడుతుంది.
సముద్రాన్ని పొయ్యెక్కించారమ్మా, అంటాడు.

జిల్లా పేరు మార్చారంట.
మా నోటికి సూర్యలంక ఇంకా గుంటూరు జిల్లానే.

సరుగుడు చెట్ల కింద పరదా కట్టి
అరగంటకి యాభై అని అరుస్తాం.
మీదే ఊరమ్మా, అంటారు, తడిసిన నోట్లు ఇస్తూ.
ఐదు రోజులు బెజవాడ, రెండు రోజులు ఇసక.
కృష్ణ పక్కనుంచుకుని ఇంత దూరమా!
కృష్ణకి డెబ్బై గేట్లు బాబూ,
నీళ్ళెప్పుడు వదులుతారో పేపర్లో వేస్తారు.
ఇక్కడ ఎవరూ చెప్పరు.

పోయిన కార్తీకంలో
బాడీ కట్టే షెడ్డు వెనక పారేసిన చెక్క ఒకటి
పిల్ల బండెక్కించింది.
పసుపు రంగు మీద ఎర్రక్షరాలు: "మళ్ళీ క"
మిగతాది రంపం తినేసింది.
పొయ్యిలోకనుకున్నాను.

తెల్లారి చూస్తే అది నీళ్ళ మీద,
దాని మీద బోర్లా నా కూతురు.

నా గొంతు ఎండిపోయింది.
ఈత రాని తల్లిని నేను,
పద్నాలుగు ట్యూబులుండి
ఒక్కదానిలోనూ ఇంతవరకు కూర్చోలేదు.
పక్కన చేపలు ఏరుకుంటున్న కాటమ్మ తల ఎత్తకుండానే అంది:
అలకి ఎదురు నిలబడకూడదే పిల్లా,
పక్కకి తిరుగు,
తోడికోడలితో మాట్లాడినట్టు.

అలా నేర్చింది.
మోకాళ్ళు కొట్టుకుపోయాయి.
గడ్డం మీద మూడు కుట్లు, పొన్నూరు ఆస్పత్రిలో.
రెండు వారాలు చెక్క నా తలగడ కింద దాచాను.
మూడో వారం మెడ పట్టేసి నేనే ఇచ్చేశాను.

మాఘంలో ఒక ఆదివారం
లేచి నిలబడింది.
ఎంతసేపో చెప్పలేను.
ఒడ్డున మీరాగాడు తొమ్మిదో ఎక్కం మొదలెట్టాడు,
తొమ్మిదారుల దగ్గర పడిపోయింది.

మద్రాసు కుర్రాడొకడు,
కారు నెత్తిన నున్నటి తెల్ల బోర్డు కట్టుకొచ్చినవాడు,
పరుగెత్తుకొచ్చి సర్ఫింగు ఎవరు నేర్పారని అడిగాడు.
దీనికి పేరు కూడా ఉందా, అంది కరీమున్,
ముక్కులోంచి నీళ్ళు కారుతుండగా.
వాడి బోర్డు ఒకసారి తీసుకెళ్ళి
వెంటనే తెచ్చిచ్చింది.
జారుతుందన్నా, దీనికి మేకులేవి?

ఆదివారం రాత్రి తిరుగు ప్రయాణం.
అన్నంలో ఇసక, చెవుల్లో ఇసక,
రేపటి యూనిఫాం మడతల్లో ఇసక.
పిల్లలిద్దరూ చెక్క మీదే నిద్ర.
మంగళగిరి దీపాలు కనిపించేదాకా
నాకింకా కాళ్ళ కింద నేల లాగేస్తున్నట్టే ఉంటుంది.

ఈసారి ఒక ట్యూబుకి గాలి తీయడం మరిచాడు మా ఆయన.
సోమవారం, డీజిలు వాసనలో, సుత్తుల మోతలో,
మీరా దాని వాల్వు కొంచెం నొక్కి
ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.
అక్కా రా, సూర్యలంక!
ఆమె వంగింది. నేనూ వంగాను.
రబ్బరు వాసనే, నిజం చెప్పాలంటే.

అయినా అన్నాను,
మూసెయ్‌రా,
శుక్రవారం దాకా ఉండాలి.